ఏడో పోర్టు మీద శాఖాపరమైన విచారణ

తప్పు చేసినవాణ్ణి శిక్షించడం ఏ ఆఫీసైనా చేస్తుంది. తప్పును పట్టుకున్నవాణ్ణి శిక్షించాలంటే మాత్రం కొంత ప్రతిభ ఉండాలి. రాష్ట్ర వ్యవసాయ పనిముట్ల ముద్రాంకన సంస్థవారి ఆదోని ప్రాంతీయ కార్యాలయంలో ఆ ప్రతిభకు ఏనాడూ కొరత లేదు. నాగలికీ, గుంటకకూ, కొడవలికీ సర్కారు ముద్ర వేసి నంబరు ఇవ్వడం ఆ సంస్థ పని. ముద్ర లేని కొడవలితో పైరు కోస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు గాని, ముద్ర మాత్రం పడాల్సిందే.

ఆ ఆఫీసులో కంప్యూటర్లనూ వాటి తీగలనూ చూసుకునే ఇంజనీరు పొట్నూరు కూర్మారావు. ఊరు పాలకొండ. భార్య హేమసుందరి అక్కడి ఆసుపత్రిలో నర్సు. కూతురు మోక్షితకు నాన్న అంటే ఫోనులో కనబడే ఒక ముఖం. రాష్ట్రానికి ఆ కొసన వాళ్ళు, ఈ కొసన ఇతను. అర్జీ మీద అర్జీ పెట్టగా పెట్టగా, పాలకొండ ఉపకార్యాలయానికి బదిలీ చేస్తూ ఒక సోమవారంనాడు ఉత్తర్వు వచ్చింది. ఆదోనిలో విడుదల చేస్తే చాలు, ఆ రాత్రికే రైలెక్కేవాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడి పూజారి ప్రాంతీయ సంచాలకులు విశ్వంభరం గారు. కూర్మారావు ఉత్తర్వు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళేసరికి ఆయన చేతిలో అంతకన్నా తాజా కాగితం ఒకటి ఉంది. ప్రధాన కార్యాలయం ఆ ఏడాదిని జవాబుదారీ సంవత్సరంగా ప్రకటించింది. "సంస్థలో విధులు నిర్వర్తించే ప్రతి ఒక్కరూ, ప్రతి ఒక్కటీ తమ తప్పులకు జవాబు చెప్పవలెను" అని సర్క్యులరులో ఉంది.

"ఈ 'ప్రతి ఒక్కటీ' అన్న మాట గమనించారా?" అన్నారు విశ్వంభరం గారు. "మన నెట్‌వర్కు తప్పుల పట్టీ నేరుగా పైకి వెళుతోంది. అందులో ఏడో పోర్టు నడవడిక ఏమీ బాగాలేదు."

ఏడో పోర్టు ఎవరో చెప్పాలి. సంచాలకుల గది బయట వరండాలో, గోడకు బిగించిన ఇనుప పెట్టెలో స్విచ్ అనే యంత్రం ఒకటి ఉంది. ఆఫీసులోని కంప్యూటర్ల తీగలన్నీ దానికున్న రంధ్రాలలోకి వచ్చి చేరతాయి. ఒక్కొక్క రంధ్రం ఒక పోర్టు. కంప్యూటరు ఏది పంపినా చిన్న చిన్న ముక్కలు చేసి పంపుతుంది. వాటిని ప్యాకెట్లంటారు. దారిలో చెడిపోయి వచ్చిన ప్యాకెట్టును పోర్టు లోపలికి రానివ్వదు. పారేసి, తప్పుల లెక్కలో ఒకటి కలుపుకుంటుంది. అంటే చెడిపోయిన ధాన్యాన్ని గుమ్మం దగ్గరే ఆపే కాపలాదారు లాంటిదన్నమాట. ఏడో పోర్టుకు వచ్చే తీగ సాక్షాత్తు సంచాలకుల బల్ల మీది కంప్యూటరుది.

కూర్మారావు ఆ సంగతి ఎన్నడో కనిపెట్టాడు. గోడకు కన్నం పెట్టాలంటే భవనాల విభాగం అనుమతి కావాలి. ఆ అనుమతి రానందువల్ల తీగను సంచాలకుల తలుపు సందులోంచి లాగారు. తలుపు మూసినప్పుడల్లా తీగ నలుగుతుంది. నలిగినప్పుడల్లా ప్యాకెట్లు చెడతాయి. తలుపు మూసేది రహస్య సమావేశాలకు. ఈమధ్య రహస్య సమావేశాలన్నీ ఏడో పోర్టు తప్పుల మీదే.

"సార్, తప్పు పోర్టుది కాదు. తీగది. తలుపు కింద నలుగుతోంది. కొత్త తీగ వేసి, పైన వెంటిలేటర్లోంచి లాగితే సరిపోతుంది. టీ తాగేలోపు పని," అన్నాడు కూర్మారావు.

విశ్వంభరం గారు కళ్ళద్దాలు తీశారు. కళ్ళద్దాలు తీశారంటే ఆయన సహజ న్యాయం గురించి మాట్లాడబోతున్నారని అర్థం. "కూర్మారావుగారూ, అభియోగం ఒకరి మీద ఉండగా మీరు ఇంకొకరిని దోషిగా తేల్చేస్తున్నారు. సదరు పోర్టు వాదన విన్నారా? వినలేదు. సదరు తీగకు నోటీసు ఇచ్చారా? ఇవ్వలేదు. విచారణ లేకుండా తీగ మార్చడమంటే ఉరితీసి తర్వాత తీర్పు రాయడమే. పైగా నేను గమనించినదొకటి చెబుతాను. మనం ఈ తలుపు మూసుకుని ఏడో పోర్టు గురించి చర్చ మొదలెట్టగానే దాని తప్పులు పెరుగుతున్నాయి. చర్చ ముగిసి తలుపు తెరవగానే తగ్గుతున్నాయి. దీన్ని సర్వీసు రూల్సులో ఏమంటారు?"

ఈ ప్రశ్న పక్కనే నిలబడ్డ సూపరింటెండెంటు దస్తగిరికి. సర్వీసు రూల్సు ఆయన నాలుక చివర ఉంటాయి. భార్య పేరు మరిచిపోయినా సెలవుల నిబంధన మరిచిపోడని ఆయనకు పేరు.

"ధిక్కారమంటారు సార్," అన్నాడు దస్తగిరి.

ఆ మధ్యాహ్నమే ఏడో పోర్టుకు అభియోగ పత్రం తయారయింది. విధి నిర్వహణలో అలసత్వం, ప్రభుత్వ సమాచారాన్ని పారవేయడం, ఉన్నతాధికారుల సమావేశ సమయంలో ధిక్కార ధోరణి అని మూడు అభియోగాలు. అటెండరు ఈరమ్మ దాన్ని పట్టుకెళ్ళి కాసేపటికి తిరిగొచ్చింది.

"సామీ, అది తీసుకోలే. ఎంతసేపు చూపించినా గమ్మునే ఉండాది. పెట్టె తలుపుకు గోందు పెట్టి అతికించొచ్చినా," అంది.

"సాక్షుల సమక్షంలో అతికించావా?" అన్నాడు దస్తగిరి.

"నీళ్ళు తాగనీకె వచ్చినోళ్ళు ఇద్దరు చూసినారు."

"అట్లయితే ఇచ్చినట్టే."

విచారణాధికారిగా ఎవరిని వేయాలన్న ప్రశ్న వచ్చింది. పోర్టుల భాష తెలిసినవాడు ఆఫీసులో ఒక్కడే. కూర్మారావు తన బదిలీ ఉత్తర్వును గుండెకు హత్తుకుని, తాను రేపో మాపో వెళ్ళిపోయేవాణ్ణని మొరపెట్టుకున్నాడు. విశ్వంభరం గారు అంతా విని, నియామకపు కాగితం మీద సంతకం చేసి, కలం మూత పెట్టారు.

వరండాలో దస్తగిరి అతని భుజం మీద చెయ్యేశాడు. "ఏం జేస్తావు కూర్మప్పా. విచారణ ముగిసేదాకా విచారణాధికారిని రిలీవ్ చేయకూడదని రూలుండాది. జల్దీగా ముగించుకో. అది నేరం ఒప్పుకునిందంటే రేపే నీకు రైలు."

కూర్మారావుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ పూట రెండూ చేశాడు.

విచారణ మొదటి రోజు వరండాలో ఇనుప పెట్టె ముందు బల్ల వేశారు. బల్లకు ఇటు కూర్మారావు, పక్కన వాంగ్మూలం రాసుకోవడానికి దస్తగిరి. పెట్టె తలుపు తెరిచారు. ఏడో పోర్టు ఆకుపచ్చ దీపం మినుకుమినుకుమంటోంది.

"మీ మీద మోపిన అభియోగాలను అంగీకరిస్తున్నారా?" అన్నాడు కూర్మారావు. అలా అడుగుతున్నది తానేనా అని అతనికే అనుమానం వచ్చింది.

దీపం మినుకుమంది.

"కన్ను కొడతాండాది," అంది ఈరమ్మ.

"మౌనం అంగీకారం కింద రాసేసుకుందాం దస్తగిరిగారూ," అన్నాడు కూర్మారావు ఆశగా.

"అట్లెట్లప్పా! మౌనం అంగీకారమనేది పెళ్ళిచూపుల్లో. విచారణలో గాదు. నిందితుడు లిఖితపూర్వకంగా చెప్పాల. చెప్పకపోతే గడువియ్యాల. గడువైపోతే ఇంకో గడువియ్యాల." దస్తగిరి రాసుకున్నాడు: నిందితుడు హాజరు. నోరు విప్పలేదు. వాయిదా.

అలా వాయిదాల మీద వాయిదాలు నడిచాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం ఊదేవాడి బుగ్గలైనా చూస్తాడు. ఏడో పోర్టు అదీ చూడలేదు. ఇటు రహస్య సమావేశాలు పెరిగాయి, తలుపు మూయడాలు పెరిగాయి, తప్పులూ పెరిగాయి. నంద్యాలలో ముద్ర పడిన నాగళ్ళు ఆదోని లెక్కలో కొడవళ్ళుగా కూడా మిగలకుండా పోయాయి. సంచాలకులు పంపిన నివేదికలు సగానికి తెగి పైకి చేరాయి. ఒక నివేదిక చివరి సగం పోవడం వల్లనే బాగుందని పైనుంచి ప్రశంస కూడా వచ్చింది.

ప్రశంస అందుకున్న ఉత్సాహంలో విశ్వంభరం గారు ఇంకో అడుగు వేశారు. విచారణ పూర్తయ్యేదాకా ఏడో పోర్టు సస్పెన్షను.

"సస్పెండయినోనికి సగం జీతం ఇయ్యాల సార్. బతుకుతెరువు భత్యం. పూర్తిగా ఆపకూడదు," అన్నాడు దస్తగిరి.

"పోర్టుకు సగం జీతమంటే ఏమిటి?"

అందరూ కూర్మారావు వైపు చూశారు. నోరు జారకుండా ఉంటే బాగుండేది. కానీ ఇంజనీరుకు ప్రశ్న వినబడితే జవాబు దానంతటదే వచ్చేస్తుంది. "పోర్టు మామూలుగా ఒకే సమయంలో మాట్లాడుతుంది, వింటుంది కూడా సార్. ఏదో ఒకటే చేసేలా కట్టడి చేయొచ్చు. కానీ అలా చేస్తే అటు చివర కంప్యూటర్ని కూడా..."

"సగమే. ఖాయం చేయండి," అన్నారు విశ్వంభరం గారు.

అటు చివర ఉన్నది సంచాలకుల కంప్యూటరు. దాన్ని సగానికి తగ్గించమని చెప్పే ధైర్యం ఎవరికుంది? అది ఎప్పటిలాగే మాట్లాడుతూ వింటూ ఉంది. ఇటు పోర్టు మాత్రం మాట్లాడేటప్పుడు వినదు, వినేటప్పుడు మాట్లాడదు. ఇద్దరి మాటలూ మధ్యలో ఢీకొన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా తప్పుల లెక్క ఒక్క రోజులో మిద్దెక్కి కూర్చుంది.

"చూశారా!" అన్నారు విశ్వంభరం గారు. "సస్పెండయ్యాక మరీ తెగించింది."

ఆ వారం హేమసుందరి ఫోను చేసింది. "ఏటండీ, ఆర్డరొచ్చీసిందని పిల్లకి చెప్పీసినాను. రోజూ బడినుంచొచ్చి గేటు కాడే నిలబడతంది. ఇంతకీ ఎప్పుడొస్తన్నారు?"

"పోర్టు నోరు ఇప్పాలే. అది మాటాడితే వచ్చేస్తాను."

"మీకు ఒంట్లో బాగుందా?" అంది హేమసుందరి. నర్సు కాబట్టి ఆ ప్రశ్న మామూలుగా అడగలేదు.

ఫోను పెట్టేశాక కూర్మారావుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. తప్పెక్కడుందో తెలుసు. దిద్దడం తెలుసు. దిద్దే తీగ తన బీరువాలోనే ఉంది. అయినా ఒక ఆకుపచ్చ దీపం ముందు కూర్చుని 'మీకు ఇదే ఆఖరి అవకాశం' అని బెదిరిస్తున్నాడు. మర్నాడు సంచాలకులు క్యాంపుకు వెళ్ళగానే స్టూలు వేసుకుని, కొత్త తీగను వెంటిలేటర్లోంచి లాగి, ఏడో పోర్టు కట్టడి తీసేసి, పాత లెక్క చెరిపేశాడు. నిజంగానే టీ చల్లారేలోపు పని అయిపోయింది.

లెక్క సున్నా దగ్గర నిలబడింది. సంచాలకులు తిరిగొచ్చి తలుపు మూశారు. సున్నా. ధడేలున మూశారు. సున్నాయే.

కూర్మారావు విచారణ నివేదిక పట్టుకుని వెళ్ళాడు. తప్పులు లేవు కాబట్టి కేసు లేదు, కేసు లేదు కాబట్టి తనను విడుదల చేయాలి. విశ్వంభరం గారు నివేదిక చదివి, వెంటిలేటరు వైపు చూసి, కళ్ళద్దాలు తీశారు.

"అంటే ఏడో పోర్టు నిర్దోషి."

"అవును సార్."

"ఒక నిర్దోషిని మనం ఇంతకాలం సస్పెన్షన్లో ఉంచాం. సగం వేగంతో బతికింది పాపం. సరే, గౌరవంగా విధుల్లోకి తీసుకుందాం. ఇక పాత తీగ ఏది?"

"చెత్తబుట్టలో సార్."

"అది ఈ కేసులో ప్రధాన సాక్ష్యం. విచారణ నడుస్తుండగా విచారణాధికారే సాక్ష్యాన్ని తొలగించి, తప్పుల లెక్కను చెరిపేశాడు." ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "ఇలాంటివి నా సర్వీసులో చూడలేదు కూర్మారావుగారూ."

సాయంత్రానికి కూర్మారావు మీద అభియోగ పత్రం తయారయింది. నిందితుణ్ణి బదిలీ చేయకూడదు కాబట్టి పాలకొండ ఉత్తర్వు రద్దయింది.

మళ్ళీ అదే ప్రశ్న: విచారణాధికారి ఎవరు? ఆఫీసులో ప్రతివాడూ ఏదో ఒక రోజు కూర్మారావుతో టీ తాగినవాడే. ఈరమ్మయితే కొన్నిసార్లు బొరుగుల ఉగ్గాని కూడా తెచ్చిపెట్టింది. నిందితుడితో స్నేహం లేనివారు, సాంకేతిక విషయం తెలిసినవారు, పాత మచ్చ లేనివారు కావాలని రూలు. దస్తగిరి పుస్తకం తిరగేసి తిరగేసి, చివరికి తల గోక్కుంటూ అన్నాడు. "అన్నీ సరిపోయేది ఏడో పోర్టొకటే సార్. నిర్దోషిగా తేలింది. ఈనతో టీ తాగలే. పైగా విచారణ ఎట్లుంటాదో అనుభవముండాది."

"ప్రతి ఒక్కటీ అన్న మాటలో వారూ వస్తారు," అన్నారు విశ్వంభరం గారు.

మర్నాడు వరండాలో బల్లను తిప్పి వేశారు. కూర్మారావు నిలబడ్డాడు. విచారణాధికారి తమ స్థానంలో తాము ఉన్నారు. ఈరమ్మ అలవాటు కొద్దీ పెట్టె మీది దుమ్ము తుడిచి, పక్కన ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టింది.

"నిందితుడు చెప్పుకోవలసింది ఏమన్నా ఉందా?" అని దస్తగిరి విచారణాధికారి తరఫున అడిగాడు.

కూర్మారావు మొదట రెండు ముక్కలు చెప్పి కూర్చుందామనుకున్నాడు. కాని మొదలెట్టాక ఆగలేకపోయాడు. తీగ గురించి చెప్పాడు. తలుపు గురించి చెప్పాడు. "మీకు తెలుసు కదండీ, మీకన్నా బాగా ఎవరికి తెలుసు" అన్నాడు. మోక్షిత గేటు దగ్గర నిలబడడం గురించి చెప్పాడు. పిల్లకు జ్వరమొస్తే ఫోనులో నుదురు చూపించమని అడిగిన తండ్రి తనొక్కడే అయుంటాడని చెప్పాడు. ఆకుపచ్చ దీపం అతన్నే చూస్తోంది. మధ్యలో ఫోను తీయలేదు, గడియారం చూడలేదు, కళ్ళద్దాలు తీయలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన మాట చివరిదాకా విన్న మొదటి అధికారి ఈయనేనని కూర్మారావుకు అనిపించింది. మంచినీళ్ళ గ్లాసు తీసుకుని అతనే తాగాడు.

దస్తగిరి కళ్ళు తుడుచుకుని రాసుకున్నాడు: విచారణాధికారి సావధానంగా విన్నారు. నిర్ణయం వెల్లడించలేదు. వాయిదా.

ఇలా ఇంకెన్నాళ్ళు నడిచేదో గాని, మధ్యలో సాధారణ బదిలీల కాలం వచ్చింది. ఒకేచోట అయిదేళ్ళు దాటిన అధికారులందరినీ కదిలించాలని ఉత్తర్వు. జాబితా రాస్తున్న దస్తగిరి కలం ఆగిపోయింది. ఏడో పోర్టు ఆదోనిలో చేరి ఎనిమిదేళ్ళు. అధికారి హోదా వచ్చింది కాబట్టి జాబితాలో లేకుండా కుదరదు.

"విచారణ నడుస్తుండగా విచారణాధికారిని కదిలించకూడదు కదా?" అన్నారు విశ్వంభరం గారు.

"అది నిందితుడు కదల్లేనప్పుడు సార్. అప్పుడు నిందితుడు గోడకు బిగించుండె. ఇప్పుడు నిందితునికి కాళ్ళుండాయి. కేసుతో సహా బదిలీ చేయొచ్చు. అధికారి యాడుంటే నిందితుడు ఆడికి పోయి హాజరు కావాల." దస్తగిరి ఈ మాటలు పుస్తకంలోకి చూసి చెప్పాడు. ఆ పేజీలో నిజంగా ఏముందో అతనికీ అల్లాకూ తెలియాలి.

ఒక్క పోర్టును విడిగా పంపడం కుదరదు కాబట్టి స్విచ్ మొత్తాన్నీ పరివారంగా పంపడానికి నిర్ణయమైంది. ఇక మిగిలింది ఐచ్ఛికం. బదిలీ అయ్యే అధికారి తనకు కావలసిన చోటు చెప్పుకోవచ్చు.

దస్తగిరి ఇనుప పెట్టె దగ్గరకు వచ్చాడు. కూర్మారావు అక్కడే వాయిదాకు నిలబడి ఉన్నాడు. దస్తగిరి పెట్టె వైపు తిరిగి, వినయంగా, కొంచెం గట్టిగా అడిగాడు. "అయ్యా, తమరి ఐచ్ఛికం ఏమని రాసుకోవాల?"

దీపం మినుకుమంది.

"పాలకొండ," అన్నాడు కూర్మారావు, నేల చూపులు చూస్తూ.

"నాకూ అట్లే వినపడె," అన్నాడు దస్తగిరి, రాసేసుకున్నాడు.

రైల్లో కిటికీ పక్క సీటు విచారణాధికారికి ఇచ్చి, కూర్మారావు పక్కన కూర్చున్నాడు. మర్నాడు మధ్యాహ్నం దాటాక బస్సు మారి, పాలకొండలో దిగి, అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచాడు. గేటు దగ్గర నిలబడ్డ మోక్షిత మొదట అతన్ని పోల్చుకోలేదు. ఫోనులో కనబడే ముఖానికి కాళ్ళూ చేతులూ ఉంటాయని ఆ పిల్లకు తెలియదు. పోల్చుకున్నాక వదల్లేదు.

హేమసుందరి అట్టపెట్టె విప్పి చూసింది. "ఏటండిది? ఆఫీసు సామానింటికెట్టుకొచ్చీసినారు?"

"సామాను కాదే, మా విచారణాధికారి. రేపు ఆఫీసులో చేర్చాలి. రోజూ నేను ఆయన ముందుకెళ్ళి నిలబడాలి."

"ఈయన తీర్పెప్పుడిస్తాడు?"

కూర్మారావు అట్టపెట్టె మళ్ళీ మూసేశాడు. నోరు విప్పమని తాను వేడుకున్న రోజులు గుర్తొచ్చాయి. తీర్పు వచ్చిందా, కేసు ముగుస్తుంది. కేసు ముగిసిందా, తన ఉద్యోగం ఆదోనిలోనే ఉంది. మర్నాడు పాలకొండ ఆఫీసులో స్విచ్‌ను తలుపులన్నిటికీ దూరంగా, ఎత్తుగా బిగించి, అన్నిటికన్నా మంచి తీగ ఎంచి ఏడో పోర్టుకు తగిలించాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఎక్కడ నోరు విప్పుతుందోనని కూర్మారావు చెవి ఒగ్గాడు. అది మినుకుమందే తప్ప ఏమీ అనలేదు.

సాయంత్రం అతన్ని తీసుకెళ్ళడానికి తల్లితో వచ్చిన మోక్షిత ఆ దీపం వైపు వేలు చూపించింది. "నాన్నా, ఇదేటి?"

"మా సారమ్మా. దణ్ణం పెట్టు," అన్నాడు కూర్మారావు. "ఏమీ మాటాడకుండా చల్లగా ఉండమని చెప్పు."